మొదటి వాల్వ్ ఆంప్ కడుతున్నాను: 5 వాట్లు, ఒకే ఒక్క 6వి6, వైజాగ్‌లో దొరికే సామానుతో

తీగమోత (గోపాలపట్నం), జూన్ 8

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా మా చర్చిలో గిటార్ వాయిస్తున్నాను. నా దగ్గరున్నది చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్ (గిటార్ శబ్దం పెంచే ఆంప్లిఫయర్). పోయిన నెల ఒక ఫంక్షన్‌లో వేరే ట్రూప్ వాళ్ల వాల్వ్ ఆంప్‌లో (పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో నడిచేది) నా గిటార్ పెట్టి పది నిమిషాలు వాయించనిచ్చారు. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గొంతు కాస్త బొంగురుపోయినట్టు పలికింది. వాల్యూమ్ ముట్టుకోలేదు, అంతా నా వేళ్లలోనే ఉంది. ఆ రోజు నుంచి వేరే ధ్యాస లేదు.

కొనే స్తోమత లేదు కాబట్టి కట్టుకుందామని. బీఎస్సీలో ఎలక్ట్రానిక్స్ చదివాను, సోల్డరింగ్ వచ్చు. కానీ 12 వోల్టులు దాటి ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. మొదటిసారికి ఏ సర్క్యూట్ మంచిది? ట్రాన్స్‌ఫార్మర్లు ఇక్కడ చుట్టించుకోవచ్చా? ఇంట్లో అమ్మకి టెన్షన్‌గా ఉంది, నిజం చెప్పాలంటే నాకూ ఉంది.

గాజువాక_గిటార్, జూన్ 8

కట్టండి. నేను రెండు కట్టాను. మొదటిదానికి ఫెండర్ కంపెనీ చిన్న గిటార్ ఆంప్ చాంప్ ఉంది కదా, దాని 5ఎఫ్1 సర్క్యూటే తీసుకోండి. 1950ల నాటి డిజైన్, ఇప్పటికీ అందరూ దాంతోనే మొదలుపెడతారు. అందులో ఉన్నది చాలా తక్కువ. గిటార్ సిగ్నల్ 12ఏఎక్స్7 వాల్వ్‌లో ఒక సగంలోకి వెళ్లి పెరుగుతుంది, వాల్యూమ్ దాటి అదే వాల్వ్ రెండో సగంలో ఇంకోసారి పెరుగుతుంది, అక్కణ్ణుంచి 6వి6 అనే పవర్ వాల్వ్ దాన్ని స్పీకర్ నడిపేంత బలంగా చేస్తుంది. టోన్ కంట్రోల్ కూడా లేదు, ఒక్క వాల్యూమే. రెసిస్టెన్సులు, కండెన్సర్లు అన్నీ కలిపి సుమారు ఇరవై, అంతే.

ఈఎల్84 అనే ఇంకో పవర్ వాల్వ్‌తో కూడా కట్టుకోవచ్చు. 250 వోల్టుల దగ్గరే 5 వాట్లు దాటి ఇస్తుంది. కానీ 6వి6 సాకెట్ పెద్దది, పిన్నుల మధ్య ఖాళీ ఎక్కువ, మొదటిసారి సోల్డర్ చేసేవాళ్లకి సుఖం. వాల్వులు కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి, స్లొవేకియా, రష్యా, చైనాల్లో. 12ఏఎక్స్7నే యూరప్ పేరుతో ఈసీసీ83 అంటారు, రెండూ ఒకటే.

పాతరేడియో, జూన్ 9

అమ్మాయ్, నలభై ఏళ్లు రేడియోలు, ట్రాన్స్‌మిటర్లు బాగు చేసినవాణ్ణి. బెంగళూరులో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు 1961లో రేడియో వాల్వులు తయారుచేయడం మొదలుపెట్టారు. నేను పని నేర్చుకుంది వాటిమీదే. నీకు సర్క్యూట్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, నేను ముందు ప్రాణం సంగతి చెప్తాను.

ఇందులో 340 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ఫిల్టర్ కండెన్సర్లలో ఆ వోల్టేజీ నిలిచే ఉంటుంది. ఒకసారి ఇంట్లో రేడియో విప్పుతూ, ప్లగ్గు తీసి పావుగంటయింది కదా అని చెయ్యి పెట్టాను. మోచేతి దాకా కొట్టింది. చెయ్యి వెనక్కి లాక్కునే విసురులో చాసిస్ (పార్టులన్నీ బిగించే రేకు పెట్టె) అంచుకి అరచెయ్యి చీరుకుంది. ఆ మచ్చ ఇంకా ఉంది.

అందుకని నీ మొదటి కండెన్సర్‌కి అడ్డంగా 220కె (220 వేల ఓములు), 2 వాట్ల రెసిస్టెన్స్ ఒకటి శాశ్వతంగా సోల్డర్ చెయ్యి. బ్లీడర్ అంటారు. నీ సర్క్యూట్‌లో 22, 10, 10 మైక్రోఫారడ్లు వేస్తే మొత్తం 42. 42 మైక్రోఫారడ్లని 220కెతో గుణిస్తే 9 సెకన్ల పైచిలుకు. అలాంటివి అయిదు గడిస్తే, అంటే ముప్పావు నిమిషంలో, 340 వోల్టులు రెండు మూడుకి దిగిపోతాయి. అయినా నమ్మకు. ప్రతిసారీ మీటర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టు. బ్లీడర్ రెసిస్టెన్స్ కూడా ఒకరోజు తెగిపోవచ్చు.

ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే మీటర్ నల్ల తీగని క్లిప్పుతో చాసిస్‌కి పట్టించి, ఎర్ర ప్రోబ్ ఒక్క చేత్తో పట్టుకో. రెండో చెయ్యి వెనక్కి. కరెంటు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి పోతే మధ్యలో గుండె ఉంటుంది. కాళ్లకి రబ్బరు చెప్పులు. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే చెయ్యి, మెయిన్ ఎక్కడ ఆపాలో వాళ్లకి చూపించు. అమ్మగారికి నా మాటగా చెప్పు, భయం మంచిదే, భయం ఉన్నవాళ్లే జాగ్రత్తగా కొలుస్తారు.

కంచరపాలెం_సోల్డర్, జూన్ 9

మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే మెయిన్ ఆపేసే స్విచ్) ఉంది కదా, షాక్ కొడితే ట్రిప్ అయిపోతుందిలే అనుకోకు చెల్లెమ్మా. అది మెయిన్స్ వైపు తేడా చూసి పడిపోతుంది. ఈ 340 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు పుట్టినవి. అక్కడ నీ ఒంట్లోంచి కరెంటు పోయినా ఫేజ్, న్యూట్రల్ లెక్క సమానంగానే ఉంటుంది, ఆర్‌సీసీబీకి ఏమీ తెలియదు.

ఇంకోటి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సీరీస్ బల్బు పెట్టు. మేం షాపులో ఏ సెట్టు రిపేరుకొచ్చినా మొదట బల్బు బోర్డు మీదే పెడతాం. ఫేజ్‌కి సీరీస్‌లో 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు. ఎల్‌ఈడీ పనికిరాదు. ఆన్ చేయగానే బల్బు ఒకసారి వెలిగి మసకబారితే బాగున్నట్టు. ఫుల్లుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల ఎక్కడో షార్ట్. నీ ట్రాన్స్‌ఫార్మర్ కాలకుండా బల్బు ఆ భారం మోస్తుంది.

లైట్‌మ్యూజిక్_లీడ్, జూన్ 9

5 వాట్లు ఏం సరిపోతాయి? మా స్టేజీలో 50 వాట్ల ఆంప్ కూడా డ్రమ్స్ ముందు తేలిపోతుంది.

ఇంకో ప్రశ్న, మా తాతగారి వాల్వ్ రేడియో ఒకటి పనిచేస్తోంది. వెనకాల పికప్ సాకెట్ (గ్రామఫోన్ తగిలించేది) ఉంది. కొత్తది కట్టే బదులు అందులో గిటార్ పెట్టేయొచ్చు కదా?

గాజువాక_గిటార్, జూన్ 9

వాట్లు పది రెట్లయితే చెవికి శబ్దం సుమారు రెట్టింపే అనిపిస్తుంది. 5కీ 50కీ మధ్య తేడా అంతే. స్పీకర్ ఎంపిక అంతకంటే ముఖ్యం. ఒక వాట్‌కి 88 డెసిబెల్స్ ఇచ్చే హైఫై స్పీకర్ బదులు 97 ఇచ్చేది వేస్తే, ఆ 9 డెసిబెల్స్ ఆంప్‌ని ఎనిమిది రెట్లు పెంచినదానితో సమానం. ఇంట్లో, చర్చి హాల్లో 5 వాట్లు ధారాళంగా చాలు. స్టేజీ మీద మైకు పెట్టుకోవాలి.

పాతరేడియో, జూన్ 9

లీడ్ బాబూ, ఆ రేడియోకి గిటార్ తగిలించకు. ముందు వెనక అట్ట తీసి వాల్వుల మీద పేర్లు చదువు. ఇంగ్లీష్ E అక్షరంతో మొదలైతే, ఈఎల్84, ఈసీఎల్82 లాగా, హీటర్ (వాల్వ్‌ని లోపల వేడి చేసే తీగ) 6.3 వోల్టులది, సాధారణంగా లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. U అక్షరంతో మొదలైతే, యూఎల్84, యూసీఎల్82, యూవై85, అది ఏసీ/డీసీ సెట్టు. హీటర్లన్నీ దండలా గుచ్చి నేరుగా మెయిన్స్ మీద నడుపుతారు, చాసిస్ మెయిన్స్ తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం ఫేజ్. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా చాసిస్‌కే కలుస్తాయి కదా, ఆ తీగల మీద నీ వేళ్లుంటాయి. చెక్క డబ్బాలో, ప్లాస్టిక్ నాబ్‌లతో ఉన్నంతసేపే అది క్షేమం.

లైట్‌మ్యూజిక్_లీడ్, జూన్ 10

చూశాను మాస్టారూ. యూసీఎల్82, యూవై85. ఒళ్లు ఝల్లుమంది. పాటలు వినడానికే ఉంచుతాను.

తీగమోత, జూన్ 21

సామాను చాలావరకు చేరింది. వాల్వులు, సాకెట్లు ఆన్‌లైన్‌లో, రెసిస్టెన్సులు, కండెన్సర్లు జగదాంబ దగ్గర షాపులో తీసుకున్నాను. చాసిస్‌కి ఆటోనగర్‌లో 2 మి.మీ. అల్యూమినియం రేకు వంచి ఇచ్చారు. 6వి6 సాకెట్‌కి 28 మి.మీ., 12ఏఎక్స్7కి 22 మి.మీ. రంధ్రాలు అక్కడే కొట్టించాను. ఇంట్లో డ్రిల్లుతో ప్రయత్నిస్తే రేకు చిరిగిపోయేది.

ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ ఒక వైండింగ్ షాపులో ఇచ్చాను, స్టెబిలైజర్లకి చుట్టేవాళ్లు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్: ప్రైమరీ (కరెంటు లోపలికి వెళ్లే చుట్ట) 230, సెకండరీ (బయటికి వచ్చే చుట్ట) 250-0-250 వోల్టులు 100 మిల్లీ ఆంపులు, ఇంకా 6.3 వోల్టులు 2 ఆంపులు. 6వి6కీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్: 5 వేల ఓముల నుంచి 8 ఓములకి. ఏసీని డీసీ చేయడానికి రెక్టిఫయర్ వాల్వ్ వేయకుండా 1ఎన్4007 డయోడ్లు వేస్తున్నాను. ఇది సరైనదేనా?

పాతరేడియో, జూన్ 21

సరైనదే. అసలు చాంప్‌లో 5వై3 రెక్టిఫయర్ వాల్వ్, 325-0-325 వైండింగ్ ఉంటాయి. ఆ వాల్వ్ తనలో చాలా వోల్టులు పోగొడుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది. నువ్వు డయోడ్లు పెట్టి అదే 325 చుట్టించి ఉంటే 6వి6 మాడిపోయేది. 250ని 1.414తో గుణిస్తే 353, లోడు మీద 340 దగ్గర నిలబడుతుంది. డయోడ్లు ఒక్కో వైపు రెండేసి సీరీస్‌లో వెయ్యి. తిరుగు దిశలో ఒక్కోదాని మీద 700 వోల్టులు దాటి పడతాయి. 1ఎన్4007 వెయ్యికి తట్టుకుంటుంది కానీ మన మెయిన్స్ రాత్రిళ్లు 250 దాకా ఎగబాకుతుంది. కండెన్సర్లు 450 వోల్టులవి తప్ప వేరేవి వద్దు.

ఉప్పుగాలి (పెదజాలరిపేట), జూన్ 22

బోర్డుకి ఏం వాడుతున్నారు? మాది సముద్రానికి ఎదురిల్లు. నేను కట్టిన ప్రీఆంప్‌లో నల్ల ఫైబర్ అట్ట వాడాను. వానాకాలం రాగానే వాల్యూమ్ తిప్పితే బరబర. అట్ట చెమ్మ పీల్చి దాని మీదుగానే కొంచెం కొంచెం డీసీ పాకింది. ఎండలో పెట్టినప్పుడల్లా బాగయ్యేది, మళ్లీ మామూలే. తరువాత గ్లాస్ ఎపాక్సీ బోర్డు మీద మళ్లీ కట్టాను, నాలుగు వానాకాలాలయింది, శబ్దం లేదు. జాక్‌లు కూడా చవకవి కొనకండి, ఉప్పుగాలికి ఆరు నెలల్లో పచ్చబడతాయి.

తీగమోత, జూన్ 22

గ్లాస్ ఎపాక్సీయే తీసుకుంటాను. చాలా థాంక్సండీ.

తీగమోత, జూలై 6, రాత్రి 10:20

ఈ రోజు మొదటిసారి ఆన్ చేశాను. సీరీస్ బల్బు ఒకసారి వెలిగి మసకబారింది. హీటర్లు నారింజ రంగులో వెలిగాయి. అమ్మ పక్కనే నిలబడి చూసింది. పది సెకన్లు నిశ్శబ్దం, తరువాత స్పీకర్‌లోంచి చెవులు చిల్లులు పడే కూత! గిటార్ పెట్టకపోయినా, వాల్యూమ్ సున్నాలో ఉన్నా అదే కూత. వెంటనే ఆపేశాను. ఏదైనా కాలిపోయిందంటారా?

కంచరపాలెం_సోల్డర్, జూలై 6, రాత్రి 10:31

ఏమీ కాలలేదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తీగలు రెండూ ఒకదాని చోట ఇంకోటి పెట్టు. స్పీకర్ నుంచి 22కె ద్వారా వెనక్కి వెళ్లే ఫీడ్‌బ్యాక్ సిగ్నల్‌ని తగ్గించాల్సింది పోయి పెంచుతోంది. కండెన్సర్లు ఖాళీ అయ్యాయో లేదో చూసుకుని చెయ్యి. స్పీకర్ తీగ మాత్రం ఊడదియ్యకు. లోడు లేకుండా వాల్వ్ ఆంప్ నడిపితే ప్రైమరీలో వోల్టేజీ విపరీతంగా లేచి లోపల ఇన్సులేషన్ పేలిపోతుంది.

తీగమోత, జూలై 6, రాత్రి 11:05

పోయింది! కూత పోయింది! గిటార్ పలుకుతోంది! పక్కింటివాళ్లు పడుకున్నారని వాల్యూమ్ రెండు మీద పెట్టి వాయిస్తున్నాను.

పాతరేడియో, జూలై 7

సంతోషం తల్లీ. ఇప్పుడు వోల్టేజీలు రాయి. పలుకుతోంది కదా అని వదిలేస్తే వాల్వ్ ఆరు నెలల్లో అరిగిపోవచ్చు.

తీగమోత, జూలై 7

సీరీస్ బల్బు తీసేసి, ఒక్క చేత్తో కొలిచాను మాస్టారూ. మొదటి కండెన్సర్ దగ్గర 338. ఇక వాల్వ్ లోపలి భాగాలు, ఒక్కోదాని పిన్ను దగ్గర: 6వి6 ప్లేటు, మూడో పిన్ను, 327. స్క్రీన్, నాలుగో పిన్ను, 298. కాథోడ్, ఎనిమిదో పిన్ను, 18.2. గ్రిడ్, అయిదో పిన్ను, సున్నా. 12ఏఎక్స్7 ప్లేట్లు 172, 174. కాథోడ్లు 1.3. హీటర్ 6.7 ఏసీ.

రెండు సమస్యలు. ఒకటి, గుయ్‌మని హమ్ వస్తోంది, వాల్యూమ్ పెంచితే పెరుగుతుంది. తీగల మీద చెయ్యి వేసినా తగ్గదు. రెండోది చెప్పడం కష్టం. పై తీగలు ఎంతో బాగున్నాయి, కింది తీగ మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. నేను ఆ రోజు విన్నది ఇది కాదు.

పాతరేడియో, జూలై 7

లెక్క ఎలా వేయాలో చూపిస్తాను, ఇక ముందు నువ్వే వేసుకుంటావు. కాథోడ్ రెసిస్టెన్స్ 470 ఓములు, దాని మీద 18.2 వోల్టులు. భాగిస్తే 38.7 మిల్లీ ఆంపులు. అందులో స్క్రీన్ వాటా రెండు మూడు తీసేస్తే ప్లేటుకి 36. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 327 లోంచి 18 తీసేస్తే 309 వోల్టులు. 309ని 0.036తో గుణిస్తే 11.1 వాట్లు. 6వి6 పాత డేటాషీట్లలో హద్దు 12. బ్రహ్మాండంగా ఉంది. గ్రిడ్ దగ్గర సున్నా ఉండటం ఇంకా మంచి సంగతి. అక్కడ ఒకటి రెండు వోల్టులు కనిపిస్తే ముందు వాల్వ్ నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కండెన్సర్ లీకవుతున్నట్టు, ప్లేటు ఎర్రబడి వాల్వ్ పోతుంది. చీకట్లో గాజు లోపలి వైపు నీలంగా మెరిస్తే భయపడకు, అది మామూలే. ప్లేటు రేకు ఎర్రబడితేనే ఆపెయ్యి.

హీటర్ 6.7 అంటే పది శాతం హద్దులోనే ఉంది, ఫరవాలేదు. హమ్ సంగతి: వాల్యూమ్‌తో పెరుగుతోందంటే మొదటి సగంలోంచే వస్తోంది. హీటర్ వైండింగ్‌కి సెంటర్ ట్యాప్ (సరిగ్గా మధ్యలోంచి తీసిన తీగ) ఉందా? లేకపోతే 100 ఓముల రెసిస్టెన్సులు రెండు తీసుకో, హీటర్ తీగ ఒక్కోదాని నుంచి ఒక్కోటి చాసిస్‌కి. హీటర్ తీగలు రెండూ జడలా బిగుతుగా పురి పెట్టి చాసిస్ మూలకి నొక్కి ఉంచు.

తీగల మీద చెయ్యి వేసినా తగ్గలేదన్నావు. మీ ఇంట్లో ఎర్త్ ఉందా?

తీగమోత, జూలై 8

సాకెట్‌కి మూడో రంధ్రం ఉంది, ఎర్త్ ఉందనే అనుకున్నాను.

ఇప్పుడే కొలిచాను. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ 231. ఫేజ్‌కీ ఎర్త్‌కీ 94!

కంచరపాలెం_సోల్డర్, జూలై 8

అయితే ఎర్త్ లేనట్టే. అది గాల్లో వేలాడే తీగ. ఆంప్ ఆపెయ్యి చెల్లెమ్మా, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆన్ చెయ్యొద్దు. ఇది హమ్ గొడవ మాత్రమే కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతింటే చాసిస్‌కి ఫేజ్ వస్తుంది. ఎర్త్ ఉంటే ఆ క్షణమే ఫ్యూజు పోతుంది. లేకపోతే ఆ ఫేజ్ గిటార్ తీగల మీద కూర్చుని ఉంటుంది. నువ్వు పాడుతూ మైకు దగ్గరికి పెదవులు తీసుకెళ్తే మైకు ఎర్త్ అయి ఉంటుంది. అర్థమైంది కదా.

తీగమోత, జూలై 11

ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు విప్పితే ఎర్త్ తీగ కత్తిరించి వెనక్కి మడిచేసి ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచి అలాగే ఉందట. కింద ఎర్త్ గుంత కూడా పూర్తిగా ఎండిపోయి ఉంటే బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయించాం. ఇప్పుడు ఫేజ్‌కీ ఎర్త్‌కీ 229, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ 2. ఇన్నేళ్లుగా ఫ్రిజ్జు, గీజర్ ఆ బోర్డుల మీదే నడిచాయి. ఆంప్ కట్టకపోతే మాకెవరికీ తెలిసేది కాదు. నాన్న ఇప్పుడు బంధువులందరి ఇళ్లలో మీటర్ పెట్టి చూడమంటున్నారు.

100 ఓములు రెండూ వేశాను. హమ్ దాదాపు పోయింది, చెవి స్పీకర్ దగ్గర పెడితే తప్ప వినిపించదు. కింది తీగ మాత్రం అలాగే ఉంది.

గాజువాక_గిటార్, జూలై 11

స్పీకర్ ఎంత? కాథోడ్‌కి 25 మైక్రోఫారడ్ల బైపాస్ కండెన్సర్ వేశారా?

తీగమోత, జూలై 11

స్పీకర్ 10 అంగుళాలు, 8 ఓములు. బైపాస్ వేశాను, మార్చి కూడా చూశాను. వేరే ఆంప్‌కి పెడితే ఇదే స్పీకర్ బాస్ బాగా ఇస్తోంది.

రాగితీగ (అనకాపల్లి), జూలై 12

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు చెప్పాల్సిన సమయం వచ్చింది. నాది వైండింగ్ పనే. చెల్లీ, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ స్టాంపింగులు, అంటే లోపలి ఇనుప రేకులు, ఎలా పేర్చారో చూడు. పక్క నుంచి చూస్తే ఇ రేకులు (ఇంగ్లీష్ E ఆకారంలోవి) ఒకటి అటు, ఒకటి ఇటు మారుతూ ఉన్నాయా, లేక ఇ రేకులన్నీ ఒకే వైపు, ఐ రేకులన్నీ (I లాంటి సూటి పట్టీలు) ఇంకో వైపు ఉన్నాయా?

తీగమోత, జూలై 12

ఒకటి అటు, ఒకటి ఇటు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఎలా ఉందో ఇదీ అచ్చం అలాగే ఉంది.

రాగితీగ, జూలై 12

దొరికింది. చుట్టిన ఆయన తప్పేమీ కాదు, స్టెబిలైజర్‌కి అలాగే పేరుస్తాం. అక్కడ కోర్‌కి, అంటే ఆ రేకుల కట్టకి, ఏసీ మాత్రమే తగులుతుంది, రేకుల మధ్య గ్యాప్ ఎంత తక్కువైతే అంత మంచిది. నీ ఆంప్‌లో ఒకే 6వి6. దాని 36 మిల్లీ ఆంపుల డీసీ రాత్రీ పగలూ ఒకే దిశలో ఆ ప్రైమరీలోంచి పోతుంది. మూడు వేల చుట్లకి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ కాస్త డీసీయే కోర్‌ని నింపేస్తుంది. గ్లాసు అంచుదాకా నిండిపోయాక నీ సిగ్నల్ పోయడానికి చోటెక్కడ? పై స్వరాలకి కోర్‌లో పెద్దగా చోటు అక్కర్లేదు, అందుకే అవి బాగున్నాయి. కింది తీగ 82 హెర్ట్జ్. అది పలకాలంటే 5 వేల ఓముల లోడుకి కనీసం 10 హెన్రీల ఇండక్టెన్స్ (చుట్ట ఏసీని అడ్డుకునే గుణం) కావాలి. నిండిపోయిన కోర్‌లో అంత ఉండదు.

రెండు వాల్వులు ఎదురెదురుగా ఉండే పుష్‌పుల్ ఆంప్‌లో ఒకదాని డీసీని ఇంకోటి కొట్టేస్తుంది, అక్కడ ఈ బాధ లేదు. సింగిల్ వాల్వ్‌కి మాత్రం గ్యాప్ తప్పనిసరి.

కోర్ కొలతలు చెప్పు. చుట్లు తెలుసా?

తీగమోత, జూలై 13

మధ్య కాలు ఒక అంగుళం, స్టాక్ మందం అంగుళంపావు. షాపులో అడిగితే రాసిచ్చారు: ప్రైమరీ 2800 చుట్లు 36 గేజ్, సెకండరీ 112 చుట్లు 22 గేజ్. 6.3 వోల్టులు ప్రైమరీకి ఇచ్చి చూశాను, సెకండరీలో 0.25 వచ్చింది.

రాగితీగ, జూలై 13

2800ని 112తో భాగిస్తే 25. 25 వర్గం 625, దాన్ని 8 ఓములతో గుణిస్తే 5 వేలు. చుట్టడం చక్కగా చుట్టారు, మళ్లీ చుట్టక్కర్లేదు. పేర్పు మారిస్తే చాలు.

స్టాంపింగులన్నీ తీసెయ్యి. ఇ రేకులన్నీ ఒకే దిశలో బాబిన్‌లోకి (తీగ చుట్టిన డబ్బా) దూర్చు, ఐ రేకులన్నీ ఒక కట్టగా ఎదురుగా పెట్టు. రెండింటి మధ్య ఒక జెరాక్స్ కాగితం ముక్క. దాని మందం దాదాపు 0.1 మి.మీ. ఫ్లక్స్ (కోర్‌లో తిరిగే అయస్కాంత ప్రవాహం) మధ్య కాలు దగ్గర ఒకసారి, పక్క కాళ్ల దగ్గర ఒకసారి కాగితాన్ని దాటాలి కాబట్టి మొత్తం గ్యాప్ 0.2 మి.మీ. నీ చుట్లకి, నీ కరెంటుకి ఇది సరిగ్గా సరిపోతుంది. ఇండక్టెన్స్ 20 హెన్రీలు దాటి మిగులుతుంది. కాగితం తీసేసి నేరుగా ఆనించకు, నాలుగు కాగితాలూ పెట్టకు. గ్యాప్ పెరిగినకొద్దీ ఇండక్టెన్స్ పడిపోతుంది.

మొదటి రేకు తీయడమే కష్టం, వార్నిష్ పట్టేసి ఉంటుంది. హెయిర్ డ్రైయర్‌తో పావుగంట వేడి చెయ్యి. చాకు మొన బాబిన్ వైపు వెళ్లనివ్వకు, 36 గేజ్ తీగ వెంట్రుకలా ఉంటుంది, గీసుకుంటే తెగుతుంది.

తీగమోత, జూలై 16

ఈ పోస్టు కొంచెం పెద్దది, క్షమించండి, ఒక్కో సంగతీ చెప్పాలనుంది.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి గట్టు మీద పాత దుప్పటి పరిచి కూర్చున్నాను. డ్రైయర్‌తో వేడి చేస్తుంటే వార్నిష్ వాసన ఇల్లంతా నిండింది. మొదటి రేకుకి నలభై నిమిషాలు పట్టింది. సన్నటి స్టీలు స్కేలు రెండు రేకుల మధ్య పెట్టి, చిన్న చెక్క ముక్కతో మెల్లగా కొడుతూ పోతే, ఉన్నట్టుండి టక్కున కదిలింది. ఆ రేకు వంగిపోయింది, దాన్ని పక్కన పెట్టేశాను. రెండోది పది నిమిషాలు. ఆ తరువాత ఒక్కోటీ వాటంతటవే జారాయి. నాన్న ఇ రేకులు ఒక పక్కన, ఐ రేకులు ఒక పక్కన పేకముక్కల్లా పేర్చుతూ కూర్చున్నారు. వార్నిష్ పెచ్చులు గోటితో గీకి, గుడ్డతో తుడిచి ఇచ్చారు.

తిరిగి దూర్చేటప్పుడు చివరి రెండు రేకులు పట్టలేదు. బలవంతం చేయలేదు, వదిలేశాను. రాగితీగ అన్నయ్యా, ఫరవాలేదు కదా? కాగితం కత్తిరించి మధ్యలో పెట్టి, ఐ కట్ట ఆనించి, బిగింపు పట్టీ వేసి నాలుగు బోల్టులు కొంచెం కొంచెంగా మూలమూలకి మార్చుతూ బిగించాను.

సాయంత్రం ఏడింటికి ఆన్ చేశాను. కింది తీగ ఒక్కసారి మీటాను. అంతే. కాలి కింద నేల తెలిసింది. వాల్యూమ్ ఏడు మీద పెట్టి గట్టిగా మీటితే ఆ రోజు ఫంక్షన్‌లో విన్న గొంతు, మెల్లగా మీటితే మళ్లీ శుభ్రంగా. అమ్మ వంట ఆపి వచ్చి గుమ్మంలో నిలబడి వింది. "ఇదా నువ్వు ఇన్నాళ్లూ చెప్తున్నది" అంది.

అన్నయ్యా, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

రాగితీగ, జూలై 16

రెండు రేకులకి ఏమీ కాదు. వారం వాయించాక బోల్టులు ఇంకోసారి బిగించు, కాగితం సర్దుకుంటుంది. ఆ తరువాత మళ్లీ వార్నిష్ వేస్తే రేకులు మోగవు.

లైట్‌మ్యూజిక్_లీడ్, జూలై 17

చెల్లెమ్మ పోస్టు చదివి మా ట్రూప్ కీబోర్డ్ ఆయన కూడా ఇంట్లో ఎర్త్ కొలిచారు. వాళ్లకీ లేదు. పిలిపించి బాగు చేయించుకున్నారు.

తీగమోత, ఆగస్టు 3

పెట్టె అయిపోయింది. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క మా వీధి వడ్రంగి చేత రందా పట్టించి చేయించాను. వెనక సగం తెరిచే ఉంచాను, వేడి పోవాలి కదా. నాబ్ ఏటికొప్పాకలో చేయించుకున్నాను. అంకుడు కర్ర, ఎర్ర లక్క పూత. బొమ్మలు చేసే ఆయనకి పొటెన్షియోమీటర్ చూపిస్తే, దాని 6 మి.మీ. ఇరుసు వేళ్లతో తడిమి చూసి, ఆ కొలతకే రంధ్రం పెట్టి ఇచ్చారు. మొత్తం ఆంప్‌లో మనూరి చెయ్యి ఎక్కువ పడింది ఆ నాబ్ మీద, ఆ ట్రాన్స్‌ఫార్మర్ల మీద.

వచ్చే ఆదివారం సాయంత్రం ఇంట్లో కొంచెంసేపు వాయిస్తాను. మాస్టారూ, మీరు గోపాలపట్నం రాగలరా? మీరు వినాలని ఉంది.

పాతరేడియో, ఆగస్టు 3

వస్తాను తల్లీ. అయిదింటికల్లా వచ్చేస్తాను. నా మీటర్ తెచ్చుకుంటాను, ఒకసారి ఆ వోల్టేజీలు నా కళ్లతో చూస్తాను. కుర్చీ స్పీకర్‌కి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా వెయ్యి, పది అంగుళాల స్పీకర్‌కి పై స్వరాలన్నీ సూటిగా ముందుకే కొడతాయి.